గంట ఎవరు కొట్టాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"కాలేజీలో నువ్వు చెప్పే సబ్జెక్టు ఏమిట్రా?" అని మొన్న మన లెక్కల మాస్టారు అడిగారు. "సంస్థల అధ్యయనం మాస్టారూ" అన్నాను. "అంటే?" అన్నారు. ఆ జవాబు ఇవాళ చెబుతాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు మన అటెండరుకు జ్వరం వచ్చింది. మొదటి పీరియడు అయిపోయింది. మాస్టార్ల చేతులకు వాచీలున్నాయి. అయినా గంట మోగలేదని ఎవరూ క్లాసు వదల్లేదు. టైమైందని తెలిసినా మనల్ని కదలనివ్వనిది ఏమిటి? పదిమంది కలిసి పనిచేసే చోట ఎవరి మాట చెల్లుతుంది, ఎందుకు చెల్లుతుంది అన్నదే మా సబ్జెక్టు.

దీనికి పునాది వేసిన పుస్తకాల్లో రెండు 1911లోనే వచ్చాయి. ఒకటి అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్‌ది. స్టాప్‌వాచీ పట్టుకుని కూలీల పనిని కొలిచినవాడు. రోజుకు పన్నెండున్నర టన్నుల ఇనుము మోసే మనిషి చేత 47 టన్నులు మోయించానని రాసుకున్నాడు. ఎలా మోయాలో నిర్ణయించేది మాత్రం మోసేవాడు కాదు. రెండోది రాబర్ట్ మిషెల్స్‌ది. జర్మనీ సోషల్ డెమోక్రాటిక్ పార్టీని దగ్గరగా చూసి, ప్రజాస్వామ్యం కోసం పుట్టిన సంఘం కూడా కొద్దిమంది చేతుల్లోకే పోతుందని తేల్చాడు. వాళ్ళు చెడ్డవాళ్ళయి కాదు. కాగితాలు, పరిచయాలు, అనుభవం వాళ్ళ దగ్గరే పోగుపడతాయి. మిగతావాళ్ళు కృతజ్ఞతతోనో, బద్ధకంతోనో ఊరుకుంటారు.

తర్వాత మాక్స్ వెబర్ వచ్చి కుర్చీ వేరు, కూర్చున్న మనిషి వేరు అని చెప్పాడు. చికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా పరిశోధనలు సాగాయి. దీపాల వెలుతురుతో మొదలై మనుషుల మధ్య సంబంధాల దగ్గరికి చేరాయి. ఆ లెక్కల మీద వాదాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

నాకు ఇష్టమైన కథ మాత్రం మన దేశంలోదే. 1953లో లండన్ టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ అహ్మదాబాద్ కాలికో మిల్లుకు వచ్చాడు. కొత్త ఆటోమేటిక్ షెడ్డులో 224 మగ్గాలు, 29 మంది కార్మికులు. ఒక్కొక్కరిదీ ఒక్కో ముక్క పని. మొత్తం బట్ట ఎవరి బాధ్యతా కాదు. కొన్ని మగ్గాలను ఒక చిన్న జట్టుకే పూర్తిగా అప్పగిస్తే ఎలా ఉంటుందని రైస్ అడిగాడు. కార్మికులు ఆ ఆలోచనను అందుకుని తమ జట్లు తామే కట్టుకున్నారు. కుదురుకున్నాక ఉత్పత్తి పెరిగింది, పాడయ్యే బట్ట తగ్గింది. చాలా ఏళ్ళ తర్వాత ఎరిక్ మిల్లర్ వెళ్ళి చూస్తే ఒక షెడ్డులో జట్లు నిలిచే ఉన్నాయి. మరికొన్ని చోట్ల పాత పద్ధతే తిరిగి వచ్చేసింది. మంచి ఏర్పాటు దానంతటది నిలవదని నేను అక్కడ నేర్చుకున్నాను.

హైదరాబాద్‌లో 1956లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, 1961లో అహ్మదాబాద్‌లో ఐ.ఐ.ఎం. వచ్చాక ఈ విద్య మనకూ దగ్గరైంది. అయితే ఇవాళ మా పరిశోధనలు ఎక్కువగా మాలో మేమే చదువుకునే పత్రికల్లో వస్తున్నాయి. ఈలోగా టేలర్ స్టాప్‌వాచీ వచ్చి డెలివరీ కుర్రాడి ఫోన్లో కూర్చుంది. దారి, టైము, రేటింగు అన్నీ యాప్ చెబుతుంది. రైస్ అడిగితే మిల్లు కార్మికులకు మాట్లాడే వీలు దొరికింది. ఈ కుర్రాడు ఎవరితో మాట్లాడాలి? 2020 సామాజిక భద్రతా కోడ్ గిగ్ కార్మికుడంటే ఎవరో నిర్వచించింది. అతని మాట వినే ఏర్పాటు ఎలా ఉండాలన్నది మా సబ్జెక్టుకు రేపటి ప్రశ్న.

ఇంకో ప్రశ్న ఈ హాలులోనే ఉంది. సావనీరు కోసం మన సంఘం మినిట్స్ పుస్తకాలు తిరగేశాను. కార్యవర్గం జాబితాలో మళ్ళీ మళ్ళీ అవే పేర్లు. అందులో నా పేరు పన్నెండేళ్ళుగా ఉంది. క్లాసులో మిషెల్స్ గురించి పాఠం చెప్పి, సాయంత్రం వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాను. "చిన్నవాళ్ళు రావడం లేదండీ" అని నేనూ అన్నాను. వాళ్ళకు ఏ పని అప్పగించామో మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు.

అందుకే మూడు మాటలు మనవి చేస్తాను. ఏ పదవిలోనైనా వరసగా రెండు సార్లకు మించి ఎవరూ ఉండకూడదు. స్కాలర్‌షిప్పుల పని మొత్తం, డబ్బు లెక్కతో సహా, గత పదేళ్ళలో బడి వదిలిన బ్యాచ్‌లకు అప్పగించాలి. తప్పులు చేస్తారు, చెయ్యనిద్దాం. మూడోది, నా ఉపాధ్యక్ష పదవికి ఇవాళే రాజీనామా ఇస్తున్నాను. అడిగితే సాయం చేస్తాను, అడక్కపోతే ఊరుకుంటాను.

అన్నట్టు, అటెండరుకు జ్వరం వచ్చిన మర్నాడు హెడ్మాస్టరు గారు క్లాసుకు ఇద్దరు చొప్పున పిలిచి గంట కొట్టడం నేర్పించారు. ఆ ఇద్దరిలో నేనూ ఒకణ్ణి. ఆ పాఠం ఇన్నేళ్ళకు అప్పజెబుతున్నాను. ఆలస్యానికి గురువులు మన్నించాలి.

సెలవు.