'జైహింద్' అన్న మన హైదరాబాదీ
(అశోక్ నగర్‌లో జరిగిన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక మన పిల్లలు జాతీయ గీతం పాడి, చివర గొంతెత్తి 'జైహింద్' అన్నారు. నాకెంతో సంతోషం వేసింది. "ఈ మాట మనకు ఎవరిచ్చారు బాబూ?" అని ముందు వరుసలోని కుర్రవాళ్ళను అడిగాను. ఒక్కరూ చెప్పలేకపోయారు. తప్పు వాళ్ళది కాదు, చెప్పని మనది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన పేరు ఆబిద్ హసన్. 1911లో మన హైదరాబాదులోనే పుట్టారు. తల్లి ఫక్రుల్ హాజియా స్వదేశీ దీక్ష గల మనిషి. ఇంట్లోనే ఆ గాలి. కొడుకు యౌవనంలో సబర్మతి ఆశ్రమానికి వెళ్ళారు, శాసనోల్లంఘన ఉద్యమంలో జైలుకూ వెళ్ళారు. తర్వాత ఇంజనీరింగు చదువు కోసం జర్మనీ చేరారు. అక్కడ సుభాష్ చంద్ర బోస్‌ను కలిశాక చదువు పక్కన పెట్టి ఆయన వెంట నడిచారు.

1943 ఫిబ్రవరిలో బోస్ జర్మనీ నుంచి జలాంతర్గామిలో బయలుదేరినప్పుడు వెంట ఉన్న ఒకే ఒక్క భారతీయుడు మన ఆబిద్ సాహెబే. మడగాస్కర్ దగ్గర, ఎగసిపడే సముద్రం మీద చిన్న రబ్బరు పడవలో జపాను జలాంతర్గామికి మారారు. మొత్తం మూడు నెలల ప్రయాణం. ఆ తర్వాత ఇంఫాల్ పోరు, ఆకలి, జ్వరాలు, వెనుకంజ. అప్పటి తోటి సిపాయిల గురించి ఆయన 'ది మెన్ ఫ్రమ్ ఇంఫాల్' అని రాశారు.

అన్ని మతాలవాళ్ళూ ఒకరినొకరు పలకరించుకునే మాట ఒకటి కావాలన్నప్పుడు 'జైహింద్' సూచించింది ఆయనే అంటారు. పతాకం రంగుల మీద వాదం వచ్చిందట. హిందూ సైనికులు కాషాయం కావాలనే పట్టు తామే వదులుకున్నారట. అది చూసి మనసు కరిగి, ఆబిద్ సాహెబు తన పేరు చివర ఆ రంగునే 'సఫ్రానీ' అని చేర్చుకున్నారని చెబుతారు. చూడండి, వాళ్ళు పట్టు వదిలారు, ఈయన దాన్ని పేరుగా మోశారు. ఎవరూ ఓడిపోలేదు!

స్వాతంత్ర్యం వచ్చాక విదేశాంగ సేవలో చేరి, డెన్మార్కులో రాయబారిగా పనిచేశారు. 1969లో పదవీ విరమణ చేసి సొంత ఊరికే తిరిగొచ్చారు. 1984లో ఇక్కడే కన్నుమూశారు.

మన అశోక్ నగర్ సిటీ సెంట్రల్ లైబ్రరీలో రోజూ ఎంతమంది పిల్లలు పరీక్షలకు చదువుకుంటారో మీకు తెలుసు. వాళ్ళకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో నానా, దాదీ ఉంటే పక్కన కూర్చోండి. వాళ్ళు చూసినవి, పడినవి నోటుబుక్కులో రాసుకోండి. మనవాళ్ళు ఈ దేశానికి ఏం చేశారని రేపు ఎవరైనా అడిగితే కోపం తెచ్చుకోనక్కర్లేదు. నోటుబుక్కు తెరిచి చూపిస్తే చాలు.

సెలవు. జైహింద్.