సౌలు ఎరిగిన క్రీస్తు, పౌలు ఎరిగిన క్రీస్తు

ఆత్మయందు తిరిగి జన్మించిన విశ్వాసికి క్రీస్తును గూర్చిన ఎరుక ఎట్లు మారును? పిమ్మట పౌలు అనబడిన తార్సువాడైన సౌలు చరిత్రము చూడుడు.

సౌలు యేసు పేరు ఎరుగనివాడు కాడు. మ్రానున వ్రేలాడదీయబడినవాడు శాపగ్రస్తుడని ధర్మశాస్త్రము చెప్పుచుండగా, సిలువపై మరణించినవాడు మెస్సీయ ఎట్లగునని అతడు తలచియుండును. యేసు శిష్యులను బంధించి తెచ్చుటకై దమస్కునకు బయలుదేరెను. త్రోవలో వెలుగు క్రమ్మెను; యేసు స్వరము వినబడెను. మూడు దినములు చూపులేక, అన్నపానములు మాని, తిన్ననిదనబడిన వీధిలో యూదా అనువాని ఇంట నుండెను. అంతట అననీయ అను శిష్యుడు వచ్చి, తాను వెరచిన ఆ మనుష్యునిమీదనే చేతులుంచి, సహోదరుడని సంబోధించెను. ఆ పిలుపు నాకు త్రోవలోని వెలుగుకంటెను గొప్పదిగా తోచును.

గమనింపుడు. సిలువ మారలేదు. శాపవాక్యమును మారలేదు. చూచువాడు మారెను. గలతీయులకు లేఖ వ్రాయునప్పుడు పౌలు ఆ వాక్యమునే మరల ఎత్తికొని, ఆ శాపమును క్రీస్తు మనకొరకై భరించెనని వివరించెను. ఒకనాడు తనకు అడ్డుబండయైన సిలువయే తన నిరీక్షణకు ఆధారమాయెను. కొరింథీయులకు వ్రాసిన రెండవ లేఖలోనైతే, లోకరీతిగా క్రీస్తును ఎంచుట మానితినని చెప్పుటయేగాక, ఇకమీదట ఏ మనుష్యునిగాని అట్లు ఎంచనని కూడ వ్రాసెను.