వరియు ఉల్లికోడును

శ్రావణమాసమున ముసురు పట్టినప్పుడు వరిచేని గట్టున నిలిచి చూచినచో, కొన్ని దుబ్బులలో పచ్చని ఆకుల నడుమ వెండివలె తెల్లబారిన గొట్టములు కనబడును. అవి ఉల్లికాడలను పోలియుండును. అందుచేతనే మన రైతులు ఈ పీడకు ఉల్లికోడు అని పేరు పెట్టిరి. ఉల్లికాడ వేసిన పిలక మరల ఆకు వేయదు, వెన్ను తీయదు. గాదెకు చేరవలసిన గింజ చేనిలోనే పోయినదన్నమాట.

దీనికి కారణమైన జీవి దోమయంతటి చిన్న ఈగ. పగలు పైరులో దాగియుండి రాత్రివేళ ఎగురును, దీపమునకు వచ్చును. ఆడ ఈగ కొలది దినములే బ్రతుకును గాని, ఆ లోపలనే నూటికి పైగా గ్రుడ్లు పెట్టగలదు. మూడు నాలుగు దినములకు గ్రుడ్డునుండి పిల్లపురుగు వెలువడి, ఆకుమీది తడిలో ప్రాకుచు ఆకుతొడుగుల సందున దిగి మొవ్వును చేరును. తడి లేనిచో మొవ్వును చేరలేక దారిలోనే చచ్చును. ముసురు దినములలో ఈ పీడ హెచ్చుటకు ఇదియే ముఖ్యకారణము.

మొవ్వు చేరిన పురుగు ఏమి చేయునో గమనింపదగినది. అది మొవ్వును కొరికి పారవేయదు. అది అచ్చట ఆహారము గ్రహించుచుండగా పైరు తన పెరుగుదల క్రమమునే మార్చుకొనును. ఆకు కావలసిన భాగము గొట్టమై పెరుగును. అనగా పురుగునకు ఇల్లు కట్టి ఇచ్చునది వరిపైరే. ఆ ఇంటిలో పురుగు పెరిగి ప్యూపా యగును. పిదప ప్యూపా తన ముండ్లతో గొట్టపు కొనయొద్ద రంధ్రము చేయును, ఈగ బయటికి ఎగిరిపోవును, వట్టి తొడుగు రంధ్రమున వ్రేలాడుచుండును. ఇదంతయు మూడు నాలుగు వారముల వ్యవహారము. మనకు ఉల్లికాడ కనబడునాటికి పురుగు తన పని ముగించినది. అప్పుడెంత ఖరీదైన మందు చల్లినను ఆ పిలక తిరిగి రాదు. ఈ సంగతి తెలియక ఎందరో రైతులు ధనము వృథాచేయుచున్నారు.

అయితే పైరు చేతులు ముడుచుకొని కూర్చుండునది కాదు. ఒక పిలక పోయినచో దుబ్బు ప్రక్కనుండి క్రొత్త పిలకలు వేయును. అవి పురుగు పడకుండ నిలిచినచో నష్టము కొంత పూడును. కాని ఆ లేత పిలకలే తరువాతి తరపు పురుగులకు విందగుటయు కలదు. పిలకలు వేయు దశ ముగిసి వెన్ను రూపొందుట మొదలైన పిమ్మట ఈ పురుగు పైరునేమియు చేయలేదు. అందువలన తొలకరిలోనే నాటిన చేను ఈగ పెచ్చుపెరుగు వేళకు ముదిరి తప్పించుకొనును. ఆలస్యముగా నాటిన చేను చిక్కుకొనును.

కొన్ని వరిరకములు ఇంకొక విధముగ పోరాడును. వాని మొవ్వు చేరిన పురుగు పెరుగక, కొలది దినములలోనే నశించును. కొన్నిటిలో పురుగు చుట్టునున్న కణజాలము తానే చచ్చి గోధుమవన్నె కెక్కును, శత్రువునకు కూడు దొరకనీయదు. మరికొన్నిటిలో అట్టి గుర్తేమియు లేకయే పురుగు చచ్చును. ఈ గుణము పాత రకములలో దాగియుండెను. మన ఈశ్వరకోరనుండి వరంగల్లు పరిశోధకులు డబ్ల్యు 1263 అను రకమును సాధించిరి. సియాం 29 అను విదేశపు రకమును ఐ.ఆర్. 8తో సంకరము చేయగా ఫల్గుణ కలిగెను. 1977లో విడుదలయైన ఈ ఫల్గుణ ఉల్లికోడు ప్రాంతముల రైతులకు గొప్ప ఊరట నిచ్చెను.

ఆ ఊరట శాశ్వతము కాలేదు. వరంగల్లులో చక్కగా నిలిచిన డబ్ల్యు 1263 ఒరిస్సాలోని కటకమున పురుగునకు లొంగెను. అచ్చటి ఈగ చూపునకు ఇదే ఈగ. వంశగుణమున వేరు తెగ. ఫల్గుణ కటకమున నిలిచినది గాని రాంచీ ప్రాంతపు తెగకు లొంగినది. తరువాత 1980 దశకమున శ్రీకాకుళము వైపున ఈ రెండు రకములను గూడ జయించు తెగ బయటపడెను. ఇప్పటికి మన దేశమున ఇట్టి తెగలు ఏడింటిని గుర్తించిరి.

ఈగ విద్య నేర్చినదా? లేదు. వేలకొలది పురుగులలో ఏ కొన్నిటికో పుట్టుకతోనే ఆ రకపు పైరుమీద బ్రతుకగల గుణముండును. ఎదురు నిలుచు రకమును మనము ఊరంతయు, తాలూకా అంతయు నాటినప్పుడు, తక్కిన పురుగులు చచ్చి ఆ కొన్నియే మిగులును. మరుసటి తరము వాని సంతానమే. మనము పురుగును చంపుచున్నామనుకొనుచు, గట్టి పురుగును ఏరి పెంచుచున్నాము. పురుగు పైరు రూపమును మార్చినట్లే పైరును పురుగు వంశమును మార్చుచున్నది.

ఇది ఉల్లికోడు ఒక్కదాని కథ కాదు. సుడిదోమ నెదుర్కొనుటకు 1973లో ఫిలిప్పైన్సునందలి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్. 26ను విడుదల చేసెను. దాని బలము టి.కె.ఎం. 6 అను భారతదేశపు రకమునుండి వచ్చినది. రెండు మూడేండ్లలోనే ఫిలిప్పైన్సు, ఇండోనేషియా దేశములలో దానిని తినగల దోమ పెరిగినది. 1976లో వేరొక గుణము గల ఐ.ఆర్. 36ను తేవలసివచ్చెను.

అట్లని నిరాశ తగదు. ఈ పోరాటమున రైతునకు మరికొందరు తోడున్నారు. ప్లాటీగాస్టర్ అను నల్లని చిన్ని కందిరీగజాతి పురుగు ఉల్లికోడు ఈగ గ్రుడ్డులో తన గ్రుడ్డు పెట్టును. పిల్లపురుగు పెరుగుచుండగా దాని లోపలనే కందిరీగ పిల్లలు పెరిగి, ఒక్క పురుగునుండి అనేకములు వెలువడును. విచక్షణ లేక మందు చల్లినచో మొదట చచ్చునది ఈ మిత్రులే.

చేయదగిన పనులు కష్టమైనవి కావు. వీలైనంత ముందుగా నాటవలెను. కోత పిదప దుబ్బులనుండి చిగిర్చిన పిలకలను, గట్లమీది అడవివరిని ఉండనీయరాదు. పంట లేని కాలమున ఈగకు అవియే ఆశ్రయము. తమ ప్రాంతపు తెగ నెదుర్కొనగల రకమేదో వ్యవసాయశాఖవారి నడిగి తెలిసికొనవలెను. ఊరంతయు ఒక్క రకమునే ఏటేట నాటరాదు.

చివరి మాట రైతుకంటె తినువారికే వర్తించును. 1986లో బాపట్లనుండి వచ్చిన సాంబ మసూరి అన్నము మనకెంతో ఇష్టము. కాని ఆ రకము ఉల్లికోడునకు సులభముగా లొంగును. బజారున దానికే గిరాకి యుండుటచే, అపాయము తెలిసియు రైతు దానినే నాటుచున్నాడు. సన్నబియ్యమునకు మనమిచ్చు ధరయు పురుగునకు చేను పరచుటలో పాలు పంచుకొనుచున్నదని మరువరాదు. ఈశ్వరకోర వంటి పాత రకములను కొందరు విత్తనమునకై దాచియుంచుటచేతనే పరిశోధకులకు ఆయుధము చిక్కినది. నేడు ఎవరికిని అక్కరలేదని తోచు విత్తనమునే రేపటి పురుగు మనచేత వెదకించును. అప్పటికది దొరకునట్లు కాపాడుట మనందరి బాధ్యత.