జట్టు పనిలో ఎవరి శ్రమ, ఎవరి మాట?



వైద్యరంగంలో స్త్రీల శ్రమ అనగానే మనకు నర్సులు, ఆయాలు, ఆశా కార్యకర్తలు గుర్తుకొస్తారు. బజారులో మేడ మీద రెండు గదుల్లో నడిచే పళ్ళ డాక్టరు క్లినిక్ గుర్తుకు రాదు. ఈరోజు నేను అక్కడి పని గురించి, అందులోనూ వంకర పళ్ళకు క్లిప్పులు వేసే ఆర్థోడాంటిక్ క్లినిక్ గురించి మాట్లాడతాను. ‘టీమ్‌వర్క్’ అనే మాట ఈ క్లినిక్‌లలో బాగా వినిపిస్తోంది. ఆ జట్టులో ఎవరున్నారు, ఎవరి మాటకు విలువుంది అన్నదే మన ప్రశ్న.

ముందు అక్కడి పని ఎలా జరుగుతుందో చూద్దాం. క్లిప్పుల చికిత్స చాలామందికి ఏడాదిన్నర, రెండేళ్ళు సాగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి క్లినిక్‌కు రావాలి. పంటికి బ్రాకెట్ అతికించే ముందు ఆమ్లం పూసి, కడిగి, ఆరబెడతారు. ఆ తర్వాత ఉమ్మి తడి తగిలితే పట్టు తగ్గి బ్రాకెట్ ఊడిపోతుంది. అందుకే ఉమ్మిని పీల్చే గొట్టం పట్టుకున్న చెయ్యి, పనిముట్టు అందించే చెయ్యి డాక్టరు చేతులతో కలిసి కదలాలి. దీన్ని నాలుగు చేతుల పద్ధతి అంటారు. అందులో రెండు చేతులు చాలాచోట్ల ఒక యువతివి. పనిముట్లు కడిగి ఆటోక్లేవ్‌లో పెట్టడం, ఫోన్లు ఎత్తడం, వాయిదాల డబ్బు వసూలు చేయడం, భయపడి ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడం కూడా ఆమె పనే. ఈ చివరి పని ఏ జీతం లెక్కలోకీ రాదు. దాన్ని ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చిన ఓర్పు కింద జమకడతారు.

ఇది కొత్త కథ కాదు. అమెరికాలో న్యూ ఆర్లియన్స్‌కు చెందిన దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ 1885లో ఒక స్త్రీని సహాయకురాలిగా పెట్టుకున్నాడు. లోపల స్త్రీ ఉందని తెలిస్తే మగతోడు లేకుండానే ఆడవాళ్ళు వైద్యానికి రాగలిగారు. అంటే ఆమె నైపుణ్యం కన్నా ముందు ఆమె ఆడమనిషి కావడమే ఆస్పత్రికి లాభమైంది. 1924లో జూలియట్ సదర్డ్ నాయకత్వంలో అక్కడి సహాయకులు సొంత సంఘం పెట్టుకున్నారు. మన దేశంలో 1948 నాటి దంతవైద్యుల చట్టం డాక్టర్లతో పాటు హైజీనిస్టులనూ, మెకానిక్‌లనూ రిజిస్టరు చేసింది. కుర్చీ పక్కన నిలబడే సహాయకురాలికి అందులో చోటు దొరకలేదు. చట్టంలో పేరు లేని పనికి శిక్షణ, జీతం, ఎదుగుదల అన్నీ యజమాని దయమీదే ఆధారపడతాయి.

“మేమంతా ఒకే కుటుంబం” అని యజమానులు అంటుంటారు. కుటుంబంలో ఎవరు చివర తింటారో మనకు తెలుసు! డాక్టరు కూడా స్త్రీ అయినంత మాత్రాన ఈ అంతరం పోదు. వర్గం, కులం, చదువు వాళ్ళిద్దరి మధ్యా ఉంటాయి.

ఈ అంతరం వల్ల నష్టం రోగికి కూడా. పనిముట్ల పొట్లం సరిగా శుద్ధి కాలేదని, డాక్టరు గ్లవ్ చిరిగిందని మొదట గమనించేది ఆమె. చెబితే విసుక్కుంటారన్న భయం ఉన్నచోట ఆమె నోరు మెదపదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన శస్త్రచికిత్స భద్రతా పట్టికలో ఒక చిన్న నియమం ఉంది. కోత పెట్టేముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ బాధ్యత చెప్పాలి. ఒకసారి గొంతు విప్పిన మనిషి ప్రమాదం కనిపించినప్పుడు మళ్ళీ విప్పగలుగుతుంది. ఆపరేషన్ థియేటర్ కోసం చేసిన ఈ ఆలోచన పళ్ళ క్లినిక్‌కూ పనికొస్తుంది. ఉదయం పది నిమిషాలు అందరూ కూర్చుని ఆ రోజు ఎవరెవరు వస్తున్నారు, ల్యాబు నుంచి ఏవి రావాలి, ఏ సామాను తక్కువైంది అని మాట్లాడుకోవచ్చు. ఆ సమావేశాన్ని వంతులవారీగా సహాయకురాలు కూడా నడపాలి.

ఇక చట్టం సంగతి. ప్రసూతి సెలవు 2017లో 26 వారాలకు పెరిగింది. కానీ క్లినిక్ లాంటి చిన్న సంస్థల్లో పదిమంది, అంతకు మించి పనిచేసేచోటే అది హక్కు. ముగ్గురు, నలుగురు పనిచేసే క్లినిక్ దాని బయటే మిగిలిపోతుంది. లైంగిక వేధింపుల విషయంలో మాత్రం 2013 చట్టం దారి చూపింది. పదిమంది కన్నా తక్కువ ఉన్నచోట పనిచేసే స్త్రీ, లేదా యజమాని మీదే ఫిర్యాదు ఉన్న స్త్రీ, జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. గడువు మామూలుగా మూడు నెలలు. ఈ సంగతి ఆమెకు ఎవరు చెప్పాలి? మనమే చెప్పాలి.

కార్యకర్తలుగా మనం అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. నియామక పత్రం, పని గంటలు, వారాంతపు సెలవు రాతలో ఉండాలి. పదునైన తీగలు, సూదులు గుచ్చుకునే పని కాబట్టి హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులూ యజమాని ఖర్చుతో వేయించాలి. చేసే పనికి పేరు, శిక్షణకు సర్టిఫికెట్ ఉండాలి. మీ మీ పట్టణాల్లో క్లినిక్ సహాయకులను, మందుల షాపుల్లో, ల్యాబుల్లో పనిచేసే స్త్రీలను కలిపి ఒకచోట కూర్చోబెట్టండి. ఒక్కో క్లినిక్‌లో ఒంటరిగా ఉన్న స్త్రీకి అసలైన జట్టు అక్కడే మొదలవుతుంది.