మసకబారిన కారు దీపాలు - ఇంట్లోనే బాగుచేసుకునే పద్ధతి

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిలు, పెన్షన్ రివిజన్, మెడికల్ బిల్లులు - ఇన్ని సమస్యలుండగా కారు దీపాల మీద ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. మనలో చాలామంది రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్న కారునో, పిల్లలు వాడి మనకు వదిలిన కారునో నడుపుతున్నాం. వాటిలో చాలావాటికి పదేళ్ళు దాటాయి. ఇందాక లోపలికి వస్తూ మన ఆవరణలో ఆగి ఉన్న కార్లు చూశాను. రంగు బాగుంది, టైర్లు బాగున్నాయి. ముందు దీపాలు మాత్రం పసుపునీళ్ళు చల్లినట్టున్నాయి. కారుకు శుక్లాలు వచ్చాయన్నమాట. మన కంటికి శుక్లం వస్తే ఆపరేషన్ చేయించుకున్నాం. కారు కంటికి వచ్చినదాన్ని మనమే రెండు గంటల్లో తీసేయవచ్చు. అదెలాగో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఎందుకు పసుపెక్కుతాయి?

మనం ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో ఉన్న అంబాసిడర్‌కు, పద్మినికి ముందు దీపం గాజుది. రాయి తగిలితే పగిలేదేగాని పసుపెక్కేది కాదు. ఇప్పటి కార్ల దీపానికి ముందు కనబడేది గాజు కాదు, పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీకి చెందిన హెర్మన్ ష్నెల్, ఇంచుమించు అదే సమయంలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన డేనియల్ ఫాక్స్ దీన్ని విడివిడిగా కనిపెట్టారు. 1983లో అమెరికా ప్రభుత్వం బల్బు మార్చుకునే రకం హెడ్‌లైట్లను అనుమతించిన తరువాత కార్లలో దీని వాడకం పెరిగింది. క్రమంగా మన దేశపు కార్లకూ వచ్చింది. తేలిక, ఏ ఆకారంలోనైనా పోత పోయవచ్చు, రాయి తగిలినా అంత సులభంగా పగలదు.

అయితే దీనికి రెండు బలహీనతలున్నాయి. ఒకటి, మెత్తన, తొందరగా గీతలు పడుతుంది. రెండు, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పసుపెక్కుతుంది. అందుకని ఫ్యాక్టరీలోనే దాని మీద ఒక గట్టి, పలుచని రక్షణ పూత వేసి పంపుతారు. మన ఎండలకు, దుమ్ముకు, ఎండినగుడ్డతో తుడిచే తుడుపులకు కొన్నేళ్ళలో ఆ పూత చచ్చిపోతుంది. అక్కడక్కడ పొక్కులా లేస్తుంది. కింది ప్లాస్టిక్‌కు ఎండ సూటిగా తగిలి పసుపెక్కుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. మనం తీయవలసింది మురికిని కాదు, చచ్చిన పూతను. తీశాక మళ్ళీ వేయవలసిందీ పూతనే. ఈ రెండో సగం మరిచిపోయినవారి దీపాలు నాలుగు నెలలు తిరక్కుండా మళ్ళీ పసుపెక్కుతాయి.

ఇది అందం సంగతి కాదు

అమెరికాలోని వాహనదారుల సంఘం ఎ.ఎ.ఎ. 2018లో ఇలా మసకబారిన దీపాలను పరీక్షించింది. కొత్త దీపం ఇచ్చే వెలుతురులో అవి ఇచ్చింది దాదాపు 20 శాతమే. బాగుచేశాక అది సుమారు 70 శాతానికి వచ్చింది.

ఇక మన కళ్ళ సంగతి. వయసుతోపాటు కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు తిరుగుతుంది. 20 ఏళ్ళవాడి కంటి లోపలి పొరకు చేరే వెలుతురులో 60 ఏళ్ళవారికి చేరేది మూడో వంతు మాత్రమేనని కంటి డాక్టర్లు చెబుతారు. ఇప్పుడు లెక్క వేయండి. దీపం ఇచ్చేది అయిదో వంతు. అందులో మన కంటికి దక్కేది మూడో వంతు. అంటే కొత్త కారు నడిపే కుర్రవాడికి కనబడే వెలుతురులో మనకు పదిహేనో వంతు. ఇది ఉజ్జాయింపు లెక్కే అనుకున్నా, నిర్లక్ష్యం చేయదగింది కాదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో ఉందని గ్రహించి కాలు బ్రేకు మీదికి వెళ్ళేసరికే సుమారు 25 మీటర్లు గడిచిపోతాయి. ఆపైన కారు ఆగడానికి మరో 20 మీటర్లకు తక్కువ పట్టదు. మన రోడ్ల మీద వెనక దీపం లేని ట్రాక్టర్ ట్రాలీ ఉంటుంది, నల్లని గేదె ఉంటుంది, కోతల రోజుల్లో ఆరబోసిన వడ్లూ వాటి చుట్టూ పేర్చిన రాళ్ళూ ఉంటాయి. ఇవి 30 మీటర్ల దూరంలో కనబడితే లాభమేమిటి? పైగా మసక దీపం వెలుతురును రోడ్డు మీదికి పంపకుండా చెల్లాచెదురు చేస్తుంది. అది ఎదుటివారి కళ్ళలో పడుతుంది.

దీనికి కొందరు ఎక్కువ వాట్ల బల్బు వేయిస్తారు. అది మందు కాదు. చెదిరే కాంతి ఇంకా పెరుగుతుంది, వేడికి వైరింగు కరుగుతుంది, రూల్సుకూ విరుద్ధం. హెచ్-4 రకం బల్బుకు 60/55 వాట్లే ప్రమాణం. దాన్ని మించవద్దు.

మొదట పరీక్ష

పని మొదలుపెట్టే ముందు దీపం మీద ఒక చెంబెడు నీళ్ళు పోయండి. తడిగా ఉన్నంతసేపూ స్పష్టంగా కనిపించి, ఆరగానే మళ్ళీ మసకబారితే రోగం పైపైనే ఉంది. మన చేతిలో నయమవుతుంది. తడిసినా మసకగానే ఉంటే కారణం లోపలుంది. సీలు పోయి తేమ చేరి ఉండవచ్చు, లోపలి వెండిరంగు రిఫ్లెక్టర్ మాడి ఉండవచ్చు, ప్లాస్టిక్ లోతుగా సన్నని పగుళ్ళు వారి ఉండవచ్చు. అటువంటివాటిని ఎంత రుద్దినా ప్రయోజనం లేదు. మెకానిక్‌కు చూపించి విప్పించడమో, దీపం మార్చడమో చేయాలి.

కావలసిన సామాను

హార్డ్‌వేర్ షాపులోగాని, కార్ల పెయింటు షాపులోగాని వాటర్ పేపర్ అడగండి. తడిపి రుద్దే గరుకు కాగితం అది. 800, 1000, 1500, 2000 నంబర్లు ఒక్కొక్కటి చాలు. నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపవుతుంది. పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు, కారు షాంపూ, రెండు మెత్తని పాత నూలుగుడ్డలు, మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చివరగా హెడ్‌లైట్ల కోసమే తయారైన, అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే క్లియర్ కోట్ స్ప్రే డబ్బా కావాలి. దాని మీద ఆ మాట రాసి ఉందో లేదో చూసి కొనండి. అన్నీ కలిపినా ఖర్చు వందల్లోనే ఉంటుంది. కొత్త దీపాల జతకు వేలల్లో అవుతుంది.

చేసే పద్ధతి

ఉదయం పూట నీడలో, ఇంజను, దీపాలు చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. వంగి చేయవద్దు, నడుము పట్టేస్తుంది. ఎత్తుపీట వేసుకుని కూర్చోండి. మోకాళ్ళు సహకరించనివారు మనవణ్ణో మనవరాలినో కూర్చోబెట్టి పక్కన కుర్చీలో ఉండి చెప్పి చేయించండి. సెల్‌ఫోను చేతిలోంచి దిగడానికి అదొక సాకు.

ఒకటి: దీపాన్ని షాంపూ నీళ్ళతో శుభ్రంగా కడిగి ఆరనివ్వండి. ఇసుక రేణువు మిగిలితే అదే గీత పెడుతుంది.

రెండు: దీపం చుట్టూ కారు రంగు మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు అంటించండి. గరుకు కాగితం ఒక్కసారి జారినా రంగు పోతుంది.

మూడు: 800 నంబరు కాగితాన్ని పది నిమిషాలు నీళ్ళలో నానవేయండి. దీపం మీద నీళ్ళు చిలకరిస్తూ, వేళ్ళు అదిమిపెట్టకుండా అరచేతితో అడ్డంగా రుద్దండి. పసుపు పాలలాంటి నీళ్ళు కారతాయి. అదే చచ్చిన పూత. కారే నీళ్ళు తెల్లగా వచ్చేదాకా, పొక్కుల అంచులు చేతికి తగలకుండా పోయేదాకా ఆపవద్దు. ఈ దశలో దీపం ముందుకన్నా మసకగా, గరుకద్దంలా కనిపిస్తుంది. గాభరా పడకండి.

నాలుగు: 1000 నంబరుతో నిలువుగా, 1500తో మళ్ళీ అడ్డంగా, 2000తో నిలువుగా రుద్దండి. ఒకసారి అడ్డం, ఒకసారి నిలువు ఎందుకంటే, వెనకటి కాగితం గీతలు పూర్తిగా పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. కాగితం మార్చిన ప్రతిసారీ దీపాన్ని కడగండి. తొందరపడి మధ్యలో ఒక నంబరు దాటేస్తే ఆ గీతలు చివరిదాకా మిగులుతాయి.

అయిదు: ఆరాక ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. ఇక దాని మీద చేతివేలు పెట్టకూడదు. చేతి జిడ్డు ఉన్నచోట పూత అంటదు.

ఆరు: బోనెట్టును, బంపరును పాత వార్తాపత్రికలతో కప్పండి. గాలి లేనిచోట, ముక్కుకు మాస్కు కట్టుకుని, డబ్బా మీద చెప్పిన దూరం నుంచి పలుచగా ఒక పూత వేయండి. ఒకేసారి మందంగా వేస్తే కారుతుంది. డబ్బా మీద చెప్పినంత వ్యవధి ఇచ్చి మరో రెండు పలుచని పూతలు వేయండి. మసకగా ఉన్న ప్లాస్టిక్ మొదటి పూతకే తేటపడటం మీరే చూస్తారు. ఆస్తమా ఉన్నవారు మాత్రం స్ప్రే పని మరొకరికి అప్పగించాలి. ఒక రోజంతా తడి తగలనివ్వవద్దు.

స్ప్రే వద్దనుకునేవారు 2000 నంబరు తరువాత రబ్బింగ్ కాంపౌండుతో మెరుపు వచ్చేదాకా రుద్ది, పైన హెడ్‌లైట్ సీలెంట్ రాసుకోవచ్చు. అది స్ప్రే పూత అంతకాలం నిలవదు. డబ్బా మీద చెప్పిన గడువుకు మళ్ళీ మళ్ళీ రాయాలి. స్ప్రే చేసేవారు కాంపౌండు వాడవద్దు. దాని జిడ్డు మీద పూత పట్టదు.

చేయకూడనివి

టూత్‌పేస్టుతో రుద్దితే మెరుస్తుందంటారు. పేస్టులో సన్నని పొడి ఉంటుంది గనుక పైమసక కొంత పోయే మాట నిజమే. కాని పూత వేయదు కదా. కొద్ది వారాల ముచ్చటే. దోమల మందు రాస్తే క్షణంలో తేటపడుతుందని మరొకరంటారు. ఆ మందులో ఉండే డీట్ అనే రసాయనం ప్లాస్టిక్ పైపొరను కరిగిస్తుంది. ఆ మెరుపు దీపాన్ని తినేసే మెరుపు. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం, థిన్నర్, పెట్రోలు దగ్గరికి కూడా రానివ్వవద్దు. ప్లాస్టిక్ పగుళ్ళు వారుతుంది. కొబ్బరినూనె రాస్తే హాని లేదుగాని, మొదటి వానకు మెరుపూ నూనే రెండూ పోతాయి, దుమ్ము మాత్రం బాగా పడుతుంది.

తరువాత జాగ్రత్తలు

రెండు దీపాలూ ఒకే రోజు చేయండి. ఒకటి తేటగా, ఒకటి మసకగా ఉంటే రాత్రి ఎదుటివారికి మీది కారో మోటారు సైకిలో అర్థం కాదు. పని అయ్యాక ఏడెనిమిది మీటర్ల దూరంలో గోడకెదురుగా కారు నిలిపి డిమ్ లైటు వేసి చూడండి. గోడ మీద వెలుగు పైఅంచు, దీపం మధ్యభాగం ఉన్న ఎత్తుకన్నా రెండు మూడు అంగుళాలు కిందికి ఉండాలి. పైకి ఉంటే మెకానిక్ చేత సరిచేయించండి. కారును ఆపేటప్పుడు ముఖం నీడవైపుకు తిప్పి పెట్టండి. దుమ్ము పట్టిన దీపాన్ని ఎండినగుడ్డతో తుడవకండి, ముందు నీళ్ళు పోయండి. స్కూటర్ల దీపాలకూ ఇదే వైద్యం పనికివస్తుంది.

చివరిగా ఒక మనవి. దీపం బాగుపడినంత మాత్రాన కన్ను బాగుపడదు. ఎదురు కారు వెలుతురు పడ్డాక కొంతసేపు ఏమీ కనిపించకపోయినా, దీపాల చుట్టూ వలయాలు కనిపించినా దాచుకోకండి. కంటి డాక్టరుకు చూపించుకోండి. అంతవరకు రాత్రి డ్రైవింగ్ మానేయడంలో చిన్నతనమేమీ లేదు. పెళ్ళికి వెళితే ఆ రాత్రికి చుట్టాలింట పడుకుని తెల్లవారి బయలుదేరవచ్చు. కన్ను బాగుండి దీపం ఒక్కటే మసకైనవారు మాత్రం ఆ కారణంగా చీకటి పడకముందే ఇంటికి చేరాలన్న బెంగ పెట్టుకోనక్కరలేదు. సాయంత్రపు హరికథకో, స్నేహితుడి ఇంటికో వెళ్ళి నిదానంగా తిరిగి రావచ్చు. ఈ వయసులో అటువంటి స్వేచ్ఛ చిన్నది కాదు.

కార్యదర్శిగారు అనుమతిస్తే వచ్చే నెల సమావేశం రోజు ఉదయం మన ఆవరణలోనే ఒక కారుకు చేసి చూపిస్తాను. కారు మీరు తెండి, కాగితాలు నేను తెస్తాను.