పొగమంచులో ట్రెక్కింగ్: ఫోన్ సరిపోతుందా, జీపీఎస్ డివైస్ కొనాలా?

చలికాలం వచ్చిందంటే మన పెందుర్తి మీదుగా అరకు వైపు బైకులే బైకులు. వంజంగి, లంబసింగి, ఇంకాస్త ఓపికున్నవాళ్లు 1,680 మీటర్ల అర్మకొండ. మేఘాలు కింద ఉంటే సూపర్ ఫొటో. అదే మేఘం మన మీదకొస్తే? ముందు నడిచే ఫ్రెండ్ కూడా కనబడడు. చీకట్లో ఎక్కిన దారి, దిగేటప్పుడు గుర్తే పట్టలేం. అందుకే ఈరోజు టాపిక్ ఇది.

ముందు ఒక డౌట్ తీర్చేద్దాం. పొగమంచుకి జీపీఎస్ ఆగిపోతుందా? ఆగదు. జీపీఎస్ సిగ్నల్ తరంగం పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. మంచు బిందువులు మిల్లీమీటర్‌లో వందో వంతు సైజు. వాటి మధ్య నుంచి సిగ్నల్ హాయిగా వచ్చేస్తుంది. దానికి అసలు అడ్డం తడిసిన దట్టమైన చెట్లు, లోతైన లోయలు, నిలువు రాతిగోడలు.

రెండోది, సిగ్నల్ బార్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది. లొకేషన్ శాటిలైట్ నుంచి వస్తుంది, టవర్ నుంచి కాదు. నెట్ లేనిది మ్యాప్‌కే. కాబట్టి ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఆర్గానిక్ మ్యాప్స్ లేదా ఓఎస్ఎమ్‌అండ్ వేసుకుని, ఏరియా డౌన్‌లోడ్ చేసి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒకసారి టెస్ట్ చేయండి.

మరి ఫోన్ ఎక్కడ దెబ్బేస్తుంది? మంచుకి స్క్రీన్ తడుస్తుంది, తడి వేలికి టచ్ సరిగా తీసుకోదు. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది. పైగా టార్చ్, కెమెరా, ఫోన్ కాల్ అన్నీ ఆ ఒక్క బ్యాటరీ మీదే.

డివైస్ కొనేటప్పుడు నాలుగు చూడండి.

ఒకటి, బటన్లు. చేతికి గ్లవ్స్ ఉన్నా నొక్కగలగాలి.

రెండు, బ్యాటరీ. డబుల్ ఎ సెల్స్ వేసేదైతే చింతపల్లిలో చిన్న కిరాణా కొట్టులో కూడా దొరుకుతాయి.

మూడు, ఎలక్ట్రానిక్ కంపాస్. ఇది చాలామంది చూడరు. జీపీఎస్‌కి మీరు ఎక్కడున్నారో తెలుసు, ఎటు తిరిగి నిలబడ్డారో తెలియదు. నడిస్తేనే దిక్కు చెప్తుంది. పొగమంచులో దిక్కు తెలియకుండా నాలుగడుగులు వేయడమే డేంజర్. గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్‌లో ఈ కంపాస్ లేదు, 32ఎక్స్‌లో ఉంది. ఈట్రెక్స్ ఎస్ఈలో కంపాస్ ఉంది, మ్యాప్ లేదు. కానీ రెండు సెల్స్‌తో 168 గంటల వరకు వస్తుందని కంపెనీ చెప్తోంది. వచ్చిన దారినే వెనక్కి రావడానికి మ్యాప్ లేకపోయినా నడుస్తుంది.

నాలుగు, ఎల్1తో పాటు ఎల్5 కూడా అందుకునే డ్యూయల్ ఫ్రీక్వెన్సీ. లోయల్లో, చెట్ల కింద తేడా తెలుస్తుంది. కొన్ని ఫోన్లలోనూ ఇది ఉంది, స్పెక్స్ చూడండి.

ఇప్పుడు చాలా ఇంపార్టెంట్ పాయింట్. శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే ఇన్‌రీచ్ లాంటివి ఫారిన్ నుంచి తెప్పించుకోవద్దు. మన దేశంలో పర్మిషన్ లేకుండా వాడడం నేరం. 2024 డిసెంబర్‌లో గోవా ఎయిర్‌పోర్టులో ఒక కెనడా టూరిస్టు బ్యాగులో అది దొరికితే కేసు పెట్టారు. సిగ్నల్ అందుకోవడమే తప్ప తిరిగి పంపని మామూలు జీపీఎస్‌కి ఈ గొడవ లేదు.

సరే, ఏది కొనాలి? ఏడాదికి ఒకట్రెండు సార్లు, అందరూ వెళ్లే వంజంగి లాంటి దారికి: ఆఫ్‌లైన్ మ్యాప్ ఉన్న ఫోన్, పవర్ బ్యాంక్, వాటర్‌ప్రూఫ్ కవర్ చాలు. జనం లేని కొండలు, రాత్రి బస అయితే బటన్లు, కంపాస్ ఉన్న డివైస్ తీసుకోండి. ఫోన్ అప్పుడు స్పేర్.

ఏది వాడినా బండి పార్క్ చేసిన చోటే, ఆకాశం బాగా కనబడే దగ్గర లొకేషన్ ఫిక్స్ అవ్వనిచ్చి, ట్రాక్ రికార్డింగ్ ఆన్ చేయండి. తప్పిపోతే డెసిమల్ కోఆర్డినేట్స్ ఎస్ఎమ్ఎస్ పంపండి. కాల్ కలవని చోట కూడా ఒక్కోసారి ఎస్ఎమ్ఎస్ వెళ్తుంది. పాయింట్ తర్వాత ఐదు అంకెలుంటే దాదాపు ఒక మీటరు లెక్క. 112 నంబర్ గుర్తుంచుకోండి.

చివరిగా, ఓపెన్ ఆకాశం కింద కూడా ఫోన్ జీపీఎస్ ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. కొండ అంచు ఒక్క అడుగే. స్క్రీన్ మీద గీత దారిలోనే ఉన్నా, కాలి కింద నేల కనబడకపోతే ఆగిపోండి. గ్రూపంతా ఒకేచోట కూర్చోండి. ఎండెక్కితే మంచు విడిపోతుంది, సన్‌రైజ్ ఇంకో రోజు చూడొచ్చు.

మీ గ్యాంగ్‌లో ఈ ఆదివారం కొండెక్కేవాళ్లకి ఈ వీడియో పంపండి.