పాలపన్నే కదా అని పీకించకండి

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



"పాలపన్నే కదమ్మా, ఎట్లాగూ ఊడేదే. పీకేస్తే పీడా పోతుంది." పిల్లవాణ్ణి చంకనేసుకుని నా దగ్గరకు వచ్చే తల్లుల్లో చాలామంది మొదటి మాట ఇదే. వెంట అవ్వ కూడా వస్తే ఇంకా గట్టిగా చెబుతుంది. నేను వాదన పెట్టుకోను. నోరు తెరిచి నా పైపళ్ళ వరస చూపిస్తాను. ఎడమవైపు ఒక పన్ను వరస తప్పి అంగిట్లోకి మొలిచింది. నాకు ఆరేళ్ళప్పుడు పుచ్చిందని దవడపన్ను పీకించారు మావాళ్ళు. ఆ ఖాళీలోకి వెనక పన్ను జరిగి వచ్చి కూర్చుంది. బస్సులో సీటు మీద వేసిన తువ్వాలు తీసేస్తే ఇంకొకరు కూర్చోరూ? పదకొండేళ్ళకు అసలు పన్ను వచ్చేసరికి దానికి చోటు లేకపోయింది.

ముందుపళ్ళు ఆరేడేళ్ళకే ఊడతాయి, నిజమే. కాని 20 పాలపళ్ళలో 8 దవడపళ్ళు. అవి 9 నుంచి 12 ఏళ్ళ మధ్య ఊడతాయి. అయిదేళ్ళ పిల్లకు దవడపన్ను పీకించామంటే అన్నం నమిలే పన్నును నాలుగు నుంచి ఏడేళ్ళు ముందే తీసేసినట్టు. ఇంకొక మాట. ఆరేళ్ళకు పాలపళ్ళన్నిటికీ వెనకగా ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. దానికోసం ఏ పన్నూ ఊడదు కనుక అదీ పాలపన్నే అనుకుని వదిలేస్తాం. అది జీవితాంతం ఉండవలసిన పన్ను!

పంటి లోపల, ఎముకలో మూలుగలాగా, మెత్తని గుజ్జు ఉంటుంది. రక్తనాళాలు, నరాలు అన్నీ అందులోనే. దానివల్లే పన్ను బతికి ఉండేది. పాలపంటికి పైపొర పలచన, లోపలి గుజ్జు పెద్దది. అందుకే పుప్పి చూస్తుండగానే లోపలికి దిగుతుంది. పడుకోబెట్టి చక్కెర పాల సీసా నోట్లో పెట్టే ఇళ్ళలో ఇది మరీ తొందరగా జరుగుతుంది.

ఆ గుజ్జు బతికి ఉందా లేదా అన్నదే అసలు సంగతి. తీపో చల్లనిదో తగిలినప్పుడు జివ్వుమని, వెంటనే తగ్గిపోతుంటే సాధారణంగా ప్రాణం ఉన్నట్టే. ఏమీ తినకుండానే నొప్పి వచ్చినా, పిల్ల అర్ధరాత్రి లేచి ఏడ్చినా, చిగురు మీద చీముపొక్కు లేచినా చాలావరకు చెయ్యి దాటిపోయినట్టు. అప్పుడు గుజ్జు మొత్తం తీసి వేరు దాకా శుభ్రం చెయ్యాలి, లేదా పన్నే తీసెయ్యాలి. ఎక్స్‌రే తీసి డాక్టరు తేలుస్తారు. లవంగనూనె దూదితో అద్ది ఒక రాత్రి గడిపితే గడపండి గాని, నొప్పి తగ్గింది కదా అని నెలలు గడపకండి. గుజ్జు చచ్చిపోయినా నొప్పి తగ్గుతుంది! వాకుడు గింజల పొగ పెట్టి "పురుగులు రాలాయి" అని చూపించేవాళ్ళ సంగతి నేను చెప్పక్కర్లేదు.

ప్రాణం ఉన్నప్పుడు చేసే వైద్యం మీరు రోజూ వంటింట్లో చేసే పనే. ఎర్రగడ్డ ముక్కు దగ్గర కుళ్ళితే గడ్డంతా పారేస్తామా? ఆ మేరకు కోసేసి తక్కింది కూరలో వేస్తాం. అట్లాగే పన్ను మొద్దుబారేట్టు సూదిమందు ఇచ్చి, పుప్పి తీసి, పైభాగంలోని గుజ్జును మాత్రం తీసేస్తారు. వేళ్ళలోని గుజ్జు అలాగే ఉంటుంది. తడిదూదితో అదిమితే కొద్ది నిమిషాల్లో రక్తం ఆగాలి. ఆగితే కింద మిగిలినది ఆరోగ్యంగా ఉందని గుర్తు. ఆగకపోతే దారి మార్చాల్సిందే.

తర్వాత దాని మీద మందు పెడతారు. 1904లో బక్లీ అనే ఆయన వాడుకలోకి తెచ్చిన ఫార్మోక్రెసాల్ ఎన్నో దశాబ్దాలు రాజ్యం చేసింది. అందులో ఉండే ఫార్మాల్డిహైడ్ మంచిది కాదన్న అనుమానంతో ఇప్పుడు చాలామంది డాక్టర్లు ఎం.టి.ఎ. అనే మందుకు మారారు. 1993లో వెలుగులోకి వచ్చిన ఈ మందు ఏమిటనుకున్నారు? మన ఎర్రగుంట్ల ఫ్యాక్టరీల్లో తయారయ్యే సిమెంటుకు దగ్గర చుట్టం! బాగా శుద్ధిచేసి, ఎక్స్‌రేలో కనబడేందుకు ఇంకొక పదార్థం కలుపుతారు. తడిలోనే గట్టిపడడం దాని గొప్ప. అయితే ఖరీదు మటుకు సిమెంటు ఖరీదు కాదు.

పైన స్టీలు తొడుగు వేయించుకోవడం మానకండి. "నల్లగానో తెల్లగానో కనబడుతుంది, ఆడపిల్ల" అని తొడుగు దగ్గర వెనకాడతారు. గుజ్జు తీసిన పన్ను పెళుసు. తొడుగు లేకపోతే పగులుతుంది, సందుల్లోంచి మళ్ళీ క్రిములు దూరతాయి. ఆరునెలలకొకసారి చూపిస్తుండాలి.

ఈ ప్రాంతంలో చాలా ఊళ్ళలో బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్ళవల్ల వచ్చే గోధుమరంగు మచ్చలు పుప్పి కాదు. వాటిని చూసి పన్ను పీకమని అడిగే తల్లులూ ఉన్నారు. మచ్చ ఏదో పుప్పి ఏదో మీరే తేల్చుకోకండి. కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. కర్నూలులో ఉన్నదానికి నేతి మిఠాయిల పుల్లారెడ్డి గారి పేరే పెట్టారు, నవ్వుకోకండి. పిల్లల పళ్ళకు ప్రత్యేక విభాగాలుంటాయి, వెళ్ళి అడగండి.

అయిదేళ్ళ పిల్లవాడొకడికి ఇట్లా తొడుగు వేశాను. బడిలో అందరికీ "వెండి పన్ను" అని నోరు తెరిచి చూపించేవాడట. పదకొండో ఏట అది తొడుగుతో సహా తనంతట తానే ఊడింది. కింద కొత్త పన్ను తన చోట్లో తాను తెల్లగా కనిపిస్తోంది. వాళ్ళవ్వ ఫోను చేసింది: "పేడలో చుట్టి మిద్దె మీద వేద్దామంటే, తొడుగు తీసి వేయాలా, తొడుగుతోనే వేయాలా అమ్మా?"

తొడుగుతోనే వేయమన్నాను.